తపాలచెక్కకు ఒక తపాలా

ఏమే తపాలచెక్కా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకునే ఉంటావు. ఏమనుకోకు. పరీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యలో అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు నయం. పిల్లలు బాగున్నారు. మిగతావి ఫోన్లో చెప్తా. ఇది మాత్రం ఫోన్లో చెప్తే సగంలో "ఆగవే, కుక్కర్ చూసొస్తా" అంటావు. అందుకే రాస్తున్నా.

మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉంది. అలంపూర్ దిక్కు ఊరు. అమ్మానాన్న బొంబాయికి పనికి పోయారు, అవ్వ దగ్గర ఉంటుంది. జూన్ నుంచి నోరు విప్పి ఒక్క వాక్యం చదవలేదే! చదువు రాక కాదు, నోట్సు ముత్యాల్లా రాస్తుంది. లేపితే చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడుతుంది. పాఠం పక్కన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి సర్కారు దీక్షా యాప్‌లో వీడియో పెడితే మాత్రం కళ్లార్పదు. అది చూసి నేను కూడా నేర్చుకుంటోంది కదా అని ఊరుకున్నా. వీడియో ఎంత బాగా చదివితే ఏం, పిల్ల నోరు కదలాలి కదా.

పోయిన గురువారం సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి చెప్తున్నా. మన ఇటిక్యాలపాడు ఆయన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడని చెప్పి, నా ఫోన్లో ఉన్న స్కాన్ పేజీ, పద్యం ఉన్నది, క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద పెట్టా. పసుపెక్కిన కాగితం, పాత అచ్చు. ఆ పిల్ల తనంతట తను లేచొచ్చి, "టీచర్, మరక" అని చున్నీ కొసతో తుడవబోయింది. టచ్ స్క్రీన్ కదా, పేజీ ఒక్కసారిగా ఇంతైంది. ఆ మరక విరిగిన గాజు ముక్కంత అయి నిలబడింది.

అరసున్నా! మన మంగళవారం సారు ఉంటే "ప్రత్యక్షం!" అని చాక్‌పీసు విసిరేవాడు.

ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే చప్పుడు ఉండేదని, అది కరిగిపోతే ఈ సగం సున్నా మిగిలిందని చెప్పా. బోర్డు మీద 'వాఁడు' రాసి, పక్కనే పాత పుస్తకాల్లో కనిపించే 'వాండ్రు' రాశా. ఆ పిల్ల చాలాసేపు చూసింది. "మా అవ్వ వాండ్లు అంటది టీచర్. నేను గూడ అంటుంటి. నవ్విండ్రు."

ఎవరు నవ్వారని అడగలేకపోయానే. జూన్‌లో ఆ పిల్ల నోట్సులో 'వాండ్లు' కొట్టేసి 'వాళ్లు' అని ఎర్ర పెన్నుతో రాసింది నేనే. పరీక్షలో 'వాళ్లు' అనే రాయాలి, నిజమే. కానీ తప్పు అని ఎందుకు రాశాను? పక్కన ఇంకో మాట రాసి ఉంటే... సరే.

ఆ రాత్రి తొమ్మిదీ నలభైకి వాయిస్ మెసేజ్. వాళ్ల బాబాయి పని నుంచి వచ్చాకే ఇంట్లో ఫోన్ ఉంటుంది. నిమిషం పన్నెండు సెకన్లు. ప్యానెల్ మీద చూసిన పద్యం, నోట్సులో ఎక్కించుకున్నది, మొదటి నుంచి చివరిదాకా చదివింది! వెనక అవ్వ గొంతు: "ఆడ ఆగొద్దే, గుక్క తిప్పకుండ సదువు." 2011 జనాభా లెక్కల్లో మన పాలమూరులో చదువొచ్చినవాళ్లు నూటికి 55 మందే. మిగతావాళ్లలో ఈ అవ్వ ఒకతి, పద్యం ఎక్కడ ఆపకూడదో చెప్తోంది. నాలుగుసార్లు విన్నా. అదే బొంబాయిలో వాళ్ల నాన్నకూ పంపిందట.

నిన్న పిల్లలు నోటితో మాట చెప్తే ఫోనే టైప్ చేసేలా పెట్టా. ఆ పిల్ల 'వాండ్లు' అంటే అది 'వాళ్లు' అని పడింది. మళ్లీ అంది, మళ్లీ అదే. మూడోసారి గట్టిగా అంది, క్లాసంతా వినేలా. అప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా గొంతు కలిపి...

గద్వాల బస్సు హారన్ కొడుతోంది. ఆ వాయిస్ మెసేజ్ రాత్రికి పంపిస్తా, కుక్కర్ దించేశాకే విను. ఉంటానే.