ఆదివారం స్టూడియోకి వెళ్తున్నాం, సూదుల డబ్బా మర్చిపోకండి

అక్కలూ, చెల్లెళ్లూ, నమస్తే!

ఈ ఆదివారం ఉదయం 10కి ఎం.వి.పి. కాలనీలో మా అత్తయ్య కుట్టు స్టూడియోలో కలుద్దాం.

ఆవిడ దాచుకున్నవన్నీ చూపిస్తానన్నారు. వాళ్లమ్మగారు వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు, బిస్కెట్ల డబ్బా నిండా పాత బొత్తాలు, పొందూరు ఖద్దరు ముక్కలు. నాకైతే అన్నిటికంటే వాలుగ చేప దవడే ఇష్టం. పొందూరులో పత్తిని దాంతోనే ఏకుతారు. ఆ సన్నటి పళ్లు దగ్గర్నుంచి చూడాల్సిందే! ముట్టుకునే ముందు మాత్రం అడగండి.

తెచ్చుకోవాల్సినవి: సూదులు, కత్తెర, ఒక పాత చీర అంచు. మన సముద్రపు గాలికి సూదులు తుప్పు పట్టకుండా ఎలా దాచాలో కూడా చెప్తారు.

గదిలో 12 మందికే చోటు. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి.

కత్తెర మీద పేరు రాసి అంటించండి. పోయినసారి రెండు మారిపోయాయి.