బాకీ కాస్తా వాటా అయింది మామా!

ఒరే మామా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇంట్లో అందరూ కులాసా, ఆఫీసు మామూలే, అమ్మ నిన్ను అడిగింది. ఇక అసలు సంగతి. ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

ఏజీఆర్ గొడవ మొత్తం చదివాన్రా. ఏజీఆర్ అంటే టెలికాం కంపెనీలు సర్కారుకి వాటా ఇవ్వడానికి లెక్కగట్టే ఆదాయం. అందరూ 2019 సుప్రీంకోర్టు తీర్పు దగ్గర మొదలెడతారు గానీ, దాని వేరు 1994లో ఉంది. ఆ ఏడాది టెలికాం విధానం ప్రైవేటు వాళ్లకి తలుపు తీసింది. లైసెన్సుల కోసం ఎగబడి వేలం పాడేశారు. తీరా చూస్తే కట్టాల్సిన ఫీజు కొండంత, చందాదారులు పిడికెడు. నిమిషానికి రూ.16 దాకా పెడితే ఎవడు మాట్లాడతాడు? పైగా మనకొచ్చిన కాల్‌కీ మనమే కట్టాలి! బకాయిలు పేరుకున్నాయి. 1999లో కొత్త విధానం తెచ్చి, 'స్థిరమైన ఫీజు వద్దు, ఆదాయంలో ఇంత శాతం ఇవ్వండి' అన్నారు. నన్నడిగితే ఈ రంగానికి ప్రాణం పోసింది అదే. 2003కల్లా ఇన్‌కమింగ్ ఉచితమైపోయింది కూడా.

కానీ ఆదాయం అంటే ఏది? ఫోన్ల మీద వచ్చిందే అన్నాయి కంపెనీలు. కుదరదు, అద్దెలు, బ్యాంకు వడ్డీ, పాత సామాను అమ్మగా వచ్చింది, అన్నీ కలపాల్సిందే అంది టెలికాం శాఖ. అన్నీ కలిపి బిల్లేసే గుండుసున్నా గారి మెస్ లెక్క గుర్తొచ్చిందా? నవ్వకు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక, సంతకం పెట్టిన లైసెన్సులో నిర్వచనం స్పష్టంగానే ఉందని 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తేల్చేసింది. కంపెనీలు కట్టాల్సిన లెక్క సుమారు 92 వేల కోట్లు! అందులో అసలు బాకీ పావు వంతేరా. మిగతాదంతా వడ్డీ, జరిమానా, జరిమానా మీద వడ్డీ.

2021లో కేంద్రం కాస్త దిగొచ్చింది. నాలుగేళ్ల గడువిచ్చింది, ఇకమీదట టెలికాంకి సంబంధం లేని ఆదాయాన్ని లెక్కలోంచి తీసేస్తామంది. పాత బాకీకి మాత్రం ఆ దయ లేదు. అసలు తమాషా ఇక్కడుంది: కట్టలేనివాళ్లు బాకీని షేర్లుగా ఇచ్చుకోవచ్చట. వొడాఫోన్ ఐడియాలో 2023లో సుమారు 33 శాతం, 2025లో దాదాపు 49 శాతం కేంద్రం చేతికొచ్చింది. ప్రైవేటుకి దారిచ్చిన సర్కారే వసూలుకెళ్లి వాటాదారై కూర్చుంది! బీఎస్‌ఎన్‌ఎల్ ఎలాగూ తనదే, నియమాలూ తనవే. అలాగని వదిలేస్తే? పెద్ద ప్రైవేటు కంపెనీలు రెండే మిగిలేవి, అప్పుడు పోటీ అనే మాటకి... ఏమో, ఇక్కడ నాకూ రెండు మనసులు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇందులో ఎంతవరకు...

అరె, క్యాబ్ వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. 2012లో 122 లైసెన్సులు రద్దయిన కథ బాకీ. నువ్వేమంటావో రాయి.

నీ
సుత్తి