క్వారీ తవ్వే ముందు కాస్త రాయి దాచండి

సంపాదకుడికి,

ప్రకాశం జిల్లా గ్రానైట్ క్వారీల మీద పత్రికల్లో వార్త రాని నెల ఉండదు. దుమ్ము, పేలుళ్లు, సీనరేజి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎగవేత, లారీల బరువుకు చితికిపోయిన రోడ్లు. అవన్నీ రాయవలసినవే. కొండతోపాటు ఇంకేం పోతోందన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని కనుక ఆ ప్రశ్న నేను వేస్తున్నాను. క్వారీలు మూసేయమని మాత్రం అడగడం లేదు.

కరిగిన రాయి భూమి లోపల నెమ్మదిగా చల్లారి గట్టిపడితే గ్రానైట్ అవుతుంది. అది ఎప్పుడు గట్టిపడిందో, అసలు ఏది కరిగి పుట్టిందో దానిలోని ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, చెబుతాయి. వయసు చెప్పేది జిర్కాన్ అనే ఖనిజం, మామూలుగా ఇసుక రేణువు కన్నా చిన్నది. స్ఫటికంగా మారేటప్పుడు అది యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక ఇప్పుడు దానిలో కనిపించే సీసమంతా దరిదాపుగా యురేనియం క్షీణించగా వచ్చినదే. యురేనియం-238లో సగం తరిగిపోవడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, యురేనియం-235కి 70 కోట్ల ఏళ్లు. ఒకే రేణువులో రెండు గడియారాలు నడుస్తున్నాయి కాబట్టి తప్పు దొర్లితే బయటపడిపోతుంది.

రాయి పుట్టుక సంగతి స్ట్రాన్షియంను అడగాలి. రుబీడియం-87 క్షీణించి స్ట్రాన్షియం-87 అవుతుంది. ఖండాల పటలంలో, అంటే భూమి పైపొరలో, రుబీడియం ఎక్కువ, దాని కింద ఉన్న మాంటిల్ పొరలో చాలా తక్కువ. అందువల్ల పాత ఖండపు రాయే కరిగి గ్రానైట్ అయితే దానిలో స్ట్రాన్షియం-87 పాలు హెచ్చుగా ఉంటుంది. మాంటిల్ సరుకు నుంచి వచ్చిన గ్రానైట్‌లో తక్కువగా ఉంటుంది.

హిమాలయాల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లదాఖ్ గ్రానైట్లలో స్ట్రాన్షియం-87కి, 86కి నిష్పత్తి 0.705 దరిదాపుల్లో, అంటే తక్కువగా, ఉంటుంది. ఒకప్పుడు భారత్‌కూ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు అడుగు ఆసియా కిందికి దూరుతున్న కాలంలో పుట్టిన రాళ్లవి. దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందటికి వాటి పుట్టుక ఆగిపోయింది. దక్షిణాన నేపాల్‌లోని మనాస్లు తెల్ల గ్రానైట్‌లో అదే నిష్పత్తి 0.74కి అటూ ఇటూ ఉంటుంది, వయసు సుమారు 2 కోట్ల ఏళ్లు. మాంటిల్‌తో దానికి సంబంధం లేదు, భారత ఖండపు పాత అవక్షేపాలే లోతుకు దిగబడి, కరిగి, అలా పైకి వచ్చాయి. సముద్రం మూసుకుపోవడం, ఖండాలు ఢీకొనడం, అడుగున పడ్డ ఖండం కరగడం, ఇంత కథకూ రెండు రకాల రాళ్లు చాలాయి. అయినా హిమాలయం ఇంకా నిలబడే ఉంది కాబట్టి ఖండాలు ఢీకొన్నాయనడానికి గ్రానైట్ సాక్ష్యం తప్పనిసరి కాదు. పర్వతాలు అరిగిపోయి నేలమట్టమైన చోట అటువంటి రాళ్లే ఆధారం.

మా ప్రాంతం అటువంటిది. కనిగిరి దగ్గర, నెల్లూరు ప్రాంతంలోని కండ్ర దగ్గర ఉన్న కొన్ని రాళ్లను ఏనాడో మూసుకుపోయిన సముద్రపు అడుగు ముక్కలుగా పరిశోధకులు గుర్తించారు. తూర్పు కనుమల్లో ఈ దక్షిణ భాగపు రాళ్లు 160 కోట్ల ఏళ్ల కిందటి ప్రాంతంలో భూమి లోతున ఉడికిపోయాయి. అవే కనుమలు విశాఖ వైపు వెళ్లేసరికి ఆ ముద్ర 100 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల నాటిది, తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లతో సరిపోయేది. పటంలో ఒకే వరుసగా కనిపించే కొండల్లో ఖండాలు రెండు వేరు వేరు కాలాల్లో ఢీకొన్న గుర్తులు ఉన్నాయన్నమాట. భూగర్భశాస్త్ర వ్యాసాల్లో ఆ దక్షిణ భాగం పేరు ‘ఒంగోలు డొమైన్’. ప్రపంచానికి ఒంగోలు ఎద్దుల వల్లనే తెలుసనుకునే మనవాళ్లు ఇదీ గుర్తుంచుకోవచ్చు.

అంతా తేలిపోయిందనుకోకూడదు. హైదరాబాద్ గుట్టలతో కలిపి తూర్పు ధార్వాడ్ అనే పురాతన శిలా ప్రాంతపు గ్రానైట్లు చాలావరకు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఖండాలను మోసే భూ పలకలు ఢీకొనడం వల్ల పుట్టాయని కొందరు, మాంటిల్ నుంచి ఎగదన్నిన వేడి వల్ల పుట్టాయని కొందరు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదం తెగాలంటే కొత్త నమూనాలు కావాలి.

నిజానికి క్వారీ మాకు శత్రువు కాదు. ఎండకూ వానకూ చివకని తాజా రాయి, నిలువెత్తు కోతలో, మాకు అక్కడే దొరుకుతుంది. నష్టం ఎక్కడంటే, ఒక రాయి మరొక రాతిని కోసుకుంటూ వెళ్లిన సంధి చోటు దగ్గర. ఏది ముందు, ఏది తరవాత అన్నది అక్కడే కంటికి కనిపిస్తుంది. రంగు కలవదని వ్యాపారి ఆ చోటును పేల్చి వ్యర్థాల గుట్టలో పడేస్తాడు. అమ్ముడైన పలక చైనాకో ఐరోపాకో వెళ్లాక, ఏ కొండ నుంచి వచ్చిందో తెలియనప్పుడు, దాని ఐసోటోపులను ఎంత కచ్చితంగా కొలిచినా ఉపయోగం లేదు. లీజు కాగితాలకు పట్టేది నల్ల గ్రానైటా, రంగు గ్రానైటా అన్నదే. చీమకుర్తి గెలాక్సీ అనే పేరుతో అమ్ముడయ్యే నల్ల రాయి అసలు గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే జాతి రాయి. కాగితం మీద నల్ల గ్రానైట్ అయిపోతుంది.

నేను కోరేది చిన్నది. లీజు ఇచ్చేటప్పుడూ, క్వారీ లోతుకు దిగేకొద్దీ మళ్లీ అప్పుడప్పుడూ, అక్కడి ప్రతి రాతి రకం నుంచి కొన్ని కిలోల తాజా ముక్క తీయించాలి. తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు, సంధి చోట్ల ఫొటోలు దానితో జతచేసి భద్రపరచాలి. పరీక్ష ఇప్పుడే చేయించనక్కరలేదు, దాచిన రాయి పాడయ్యేది కాదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయమూ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థా హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్ర శాఖలున్నాయి. ఖర్చుకు సీనరేజిలో రవ్వంత సరిపోతుంది. జిల్లా ఖనిజ నిధిని మాత్రం ముట్టుకోవద్దు, అది క్వారీల పక్కన దుమ్ము పీల్చే ఊళ్లది.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు పెట్టింది కానీ అది ప్రత్యేకమైన చోట్ల కోసం, మామూలు క్వారీ గుట్టలకు కాదు. గ్రానైట్ వంటి చిన్న తరహా ఖనిజాలకు జిల్లా సర్వే నివేదిక ఉండాలని 2016 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇప్పటికే చెబుతోంది. ఆ నివేదికలో జిల్లా భూగర్భ స్వరూపం రాయాలి, అయిదేళ్లకోసారి సవరించాలి. ముసాయిదాను కలెక్టరేట్‌లోనూ జిల్లా వెబ్‌సైట్‌లోనూ 21 రోజులు జనం అభిప్రాయం కోసం పెట్టాలి. నమూనాల నిబంధన అక్కడ చేర్చవచ్చు. ఈసారి ముసాయిదా ఎప్పుడు పెడతారో గనుల శాఖ మీ పత్రిక ద్వారా ముందుగా తెలియజేస్తే, నాతోపాటు ఈ జిల్లాలో రాళ్ల సంగతి తెలిసినవాళ్లు గడువులోగా రాసి పంపగలుగుతారు.

ఇట్లు,
విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
ఒంగోలు