తల్లిదండ్రులు, పిల్లలు, యువత సహాయ విభాగం: వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా కృతజ్ఞతలు. శిబిరానికి సెలవు పెట్టుకుని వచ్చిన నర్సులకు, కుర్చీలు మోసి, చివర్లో గది కడిగి తాళం వేసి వెళ్లిన కుర్రాళ్లకు, టేపులు, రిజిస్టర్లు కొనిచ్చిన దాతలకు విభాగం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది పసిపిల్లల పోషణ శిబిరం. జబ్బ చుట్టుకొలత టేపు ఆరు నెలలు నిండి అయిదేళ్లు నిండని పిల్లలకే పనికొస్తుంది. ఎడమ మోచేయి మడిచి, భుజం కొసకీ మోచేతి కొసకీ సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టి, చేయి కిందికి వదిలాక అక్కడ కొలవాలి. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్రమైన పోషణ లోపం. అక్కణ్ణుంచి 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. చొక్కా మీంచి చుడితే కొలత పెరిగి, పసుపులో ఉండాల్సిన బిడ్డ ఆకుపచ్చలోకి జారిపోతుంది. ఏడుస్తోందని గబగబా బిగిస్తే తగ్గుతుంది. అందుకే ప్రతి బిడ్డనూ ఇద్దరు విడివిడిగా కొలిచారు, తేడా వస్తే మూడోసారి కొలిచారు. పోషణ లోపం వల్ల వాపు ఉందేమోనని రెండు పాదాల మీదా బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి చూడటమూ మానలేదు. రెండింటా గుంట మిగిలితే టేపు ఏ రంగు చూపినా ఆసుపత్రికి పంపాల్సిందే. ఇంత ఓపికగా చేసిన వాళ్లకు సభ చప్పట్లు కొట్టాలి.

కొత్త తల్లుల బృందంలో, కాన్పు తర్వాత వచ్చే మానసిక కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి కొనసాగింది. గడచిన ఏడు రోజుల మనసు స్థితి మీద పది ప్రశ్నలు. అది జబ్బును నిర్ధారించదు, ఎవరిని డాక్టరుకు చూపించాలో చెబుతుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం మార్కులు తక్కువే వచ్చినా, దానికి సున్నా కాని జవాబొస్తే ఆ తల్లిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు, ఆ పూటే డాక్టరు దగ్గరకు చేర్చాలి. ఇంట్లోవాళ్లు పక్కనుంటే జవాబులు మారిపోతాయి కాబట్టి వేరే గది తప్పనిసరి. ఆ గది కోసం పెట్టిన అర్జీకి సంబంధిత అధికారుల నుంచి ఇప్పటికీ జవాబు లేదు. గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలదీ అదే గతి.

యువత సాయంత్రం తరగతుల గురించి దాచకుండా చెప్పాలి. పిల్లలున్న గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలన్నది మన నియమం, దాన్ని సడలించేది లేదు. పేరిచ్చిన వలంటీరు చెప్పకుండా మానేస్తే, వచ్చిన రెండోవారు తలుపు తీయలేరు. పుస్తకాలు పట్టుకుని వచ్చిన పిల్లలు గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి పోతున్నారు. రాలేకపోతే ముందురోజే చెప్పండి, ఇంకొకరిని వెతుక్కుంటాం. వచ్చే ఏడాది ప్రతి వారానికీ ఒక అదనపు పేరు రాయించుకుంటాం. ఆ పట్టిక ఈరోజే సభలో తిరుగుతుంది.

జమాఖర్చులు ఆడిటరు సరిచూశారు, ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి