ఆదివారం ఎమ్మెల్యే గారు మన కాలనీకి వస్తున్నారు

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు, కమ్యూనిటీ హాల్లో. ఆయన ఉండేది గంటసేపే, అందుకే ముందే చెప్తున్నా.

డ్రైనేజీ, వీధిదీపాల గురించి అందరూ ఒకేసారి లేచి అరిస్తే ఏదీ తేలదు. కాగితం మీద రాసి తీసుకురండి: ఏ వీధి, ఏ ఇంటి దగ్గర, ఎప్పటి నుంచి. రెండో గేటు దగ్గర మూత విరిగిన మ్యాన్‌హోల్ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ప్రింట్ తీసి జతచేయండి. రెండు కాపీలు ఉండాలి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది కారెక్కేలోపే మర్చిపోతారు!

సీఎం సహాయనిధికి సిఫార్సు లేఖ కావాల్సినవాళ్లు ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి.

బీఎల్ఓ (మన బూత్ ఓటరు జాబితా చూసే అధికారి) కూడా వస్తారు. కొత్త ఓటుకు ఫారం 6. 17 దాటిన పిల్లలూ ముందుగానే ఇవ్వొచ్చు. ఇల్లు మారినవాళ్లకు మాత్రం ఫారం 8, మళ్లీ 6 నింపకండి. సందేహాలుంటే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఈ గ్రూపులో పేరు పెట్టండి, కుర్చీలు చెప్పాలి. అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫొటోలు ఆపండి ప్లీజ్, లిస్టు పైకి వెళ్లిపోతోంది.