పచ్చడి జాడీల కింద ఉపగ్రహం

ఒరేయ్ శ్రీనూ,

ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. ఇల్లు మారాంరా, బెంగళూరులోనే పీణ్యా వైపు. పొద్దున లేస్తే లారీల దుమ్ము, లేతు మిషన్ల రొద. మన ఆర్యభటని కట్టింది ఇక్కడి షెడ్లలోనే తెలుసా? మన దేశపు తొలి ఉపగ్రహం, 360 కిలోలు, 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద పైకెళ్లింది. డేటా అందుకోడానికి గది చాలక ఒక టాయిలెట్‌నే మార్చేసుకున్నారట!

ఈ కబుర్లన్నీ పై వాటా పెద్దాయనవి. సూళ్లూరుపేట వైపు మనిషి, ఉపగ్రహాల సిగ్నళ్లు అందుకునే గ్రౌండ్ స్టేషన్లలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన కడుపుమంటంతా మూతపడ్డ స్టేషన్ల గురించే. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా దగ్గర హనీసకిల్ క్రీక్ అని ఉండేది. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టిన బొమ్మ లోకానికి అందింది అక్కడి 26 మీటర్ల డిష్ నుంచే. కాసేపయ్యాక ఆస్ట్రేలియాలోనే ఉన్న పార్క్స్ డిష్ అందుకుంది, పేరంతా దాన్నే వరించింది. 1981లో హనీసకిల్ మూసేశారు. డిష్‌ని టిడ్‌బిన్‌బిల్లాకి తరలించి 2009 దాకా వాడారు, ఇప్పటికీ నిలబెట్టే ఉంచారు. మరి స్టేషన్ భవనం? కూలగొట్టేశారు, సిమెంటు పునాదులు మిగిలాయి.

నేను ఊరుకోక, "డిష్ ఉందిగా బాబాయిగారూ, చాలదా?" అన్నాను. "వీణ దాచి, వాయించిన గది పడగొడతావుటయ్యా? రాత్రంతా చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్న కుర్చీ ఏదీ?" అని లేచారు. నిజమే అనిపించిందిరా. రాకెట్ బొమ్మ ఏ కూడలిలోనైనా పెట్టుకోవచ్చు, ఆ గదిని మళ్లీ ఎక్కడ కడతాం? కేరళలో మన తొలి రాకెట్లు ఎగిరిన తుంబాలో, అప్పట్లో ఆఫీసుగా వాడుకున్న పాత చర్చిని మనవాళ్లే మ్యూజియం చేసి నిలుపుకున్నారు కదా. ఆస్ట్రేలియాలోనే కార్నార్వన్ ఊరివాళ్లు పాత డిష్ దగ్గరే మ్యూజియం పెట్టుకున్నారు, 2012లో, ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పాటు చంద్రుడి మీద నడిచిన ఆల్డ్రిన్ వచ్చి మరీ తెరిచాడు. స్థలం ఖరీదు, వాచ్‌మన్ జీతం అంటారనుకో. ఎకరాలన్నీ ఎవడడిగాడు, ఒక్క గది వదిలితే చాలు.

అసలు సంగతి విను. ఆయన దాచుకున్న చార్ట్ కాగితం చుట్టని పిన్నిగారు ఎప్పుడో కత్తిరించి వంటింటి అలమరలో పరిచేశారు! మొన్న ఆవకాయ జాడీ ఎత్తి చూపించారు. పసుపెక్కిన కాగితం, నూనె మరక, దాని పక్కన పెన్ను గీసిన వంకర గీత. ఏదో ఉపగ్రహం మన తల మీదుగా పోయిన పది నిమిషాలట అది. ఒక ముక్క ఇమ్మని అడిగాను. జాడీ ఖాళీ అయ్యాక చూద్దామన్నారు పిన్నిగారు.

నీ
రమణ