కడియం తోటల యాత్ర: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. మార్చి మొదటి ఆదివారం మన మిద్దెతోటల సంఘం తరఫున విజయవాడ నుంచి కడియం నర్సరీలకు వెళ్లివచ్చాం. అందుకోసం మీ దగ్గర వసూలు చేసిన ప్రతి రూపాయికీ లెక్క ఇది. యాత్ర డబ్బునూ మొక్కల డబ్బునూ మొదటి నుంచీ కలపలేదు కాబట్టి లెక్క కూడా విడివిడిగానే రాస్తున్నాం.

ముందు యాత్ర జమ. పెద్దవాళ్లు 38 మంది, తలకు 1,200 చొప్పున 45,600 రూపాయలు. పిల్లలు ఆరుగురు, 600 చొప్పున 3,600. పేరు రాయొద్దన్న ఒక సభ్యురాలి విరాళం 2,000. మొత్తం 51,200.

ఖర్చులో సగానికి పైగా బస్సుదే. డీజిల్‌తో కలిపి కిరాయి 24,000. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దగ్గర గౌతమి అనే గోదావరి పాయలు దాటి వెళ్లే పెద్ద హైవే కాబట్టి రానూపోనూ టోల్, పార్కింగ్ కలిపి 2,150 అయింది. డ్రైవర్‌కూ క్లీనర్‌కూ బత్తా 1,500. 21,500కే వేరే బస్సు దొరికేదిగా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. దొరికిన మాట నిజమే. కానీ దాని డిక్కీ ఎత్తు చాలదు. మొక్కల్ని పడుకోబెట్టి వంద కిలోమీటర్లు దాటిన దారిలో తెస్తే కొమ్మ విరగడం ఒక్కటే కాదు, కవరు చిరిగి వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్ద విడిపోతుంది. అలా వేళ్లు కదిలిన మొక్క ఎండల ముందు తేరుకోవడం కష్టం. మొక్కల కోసమే వెళ్తూ అక్కడ పొదుపు చేయడం సరికాదని కమిటీ అనుకుంది.

తిండి లెక్క సులువు. డబ్బు కట్టినవాళ్లలో ఇద్దరు పెద్దలు రాలేకపోయారు కాబట్టి, డ్రైవర్, క్లీనర్‌తో కలిపి 44 మందికి టిఫిన్ 60 చొప్పున 2,640, భోజనం 150 చొప్పున 6,600, సాయంత్రం టీ, పకోడీ 40 చొప్పున 1,760. మజ్జిగ, నీళ్ల క్యాన్లు 900. మందుల పెట్టె, చెత్త సంచులు వగైరా 620. బ్యానర్, శాలువాలు వద్దని ముందే తీర్మానించుకున్నాం, వాటికి పైసా ఖర్చు లేదు.

అంటు కట్టి చూపించిన ఇద్దరు పనివాళ్లకు చెరో వెయ్యి చొప్పున 2,000 ఇచ్చాం. నర్సరీ చూడ్డానికి డబ్బులు అక్కర్లేనప్పుడు ఇదెందుకు అనే ప్రశ్న వచ్చింది. అంటు కట్టే అసలు కాలం వానలు. అయినా మన కోసం చేతిలో పని ఆపి వాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. టెంక నుంచి మొలిచిన మొక్క కాండానికి చాకుతో ఏటవాలుగా చెక్కు తీయడం, మంచి రకం కొమ్మ పుల్లను అదే వాలులో చెక్కి బెరడు కింద పచ్చపొర పచ్చపొరకు ఆనేలా కూర్చోబెట్టడం, గాలి దూరకుండా ప్లాస్టిక్ పట్టీతో కింది నుంచి పైకి బిగించడం, అన్నీ చూపించారు. ఆ పుల్ల మీద ఆకులు వారం పది రోజుల ముందే కోసేస్తే మొగ్గ ఉబ్బి అంటు త్వరగా పడుతుందని చెప్పింది వాళ్లే. అతుకు మట్టిలో పూడకూడదనీ, దాని కిందనుంచి లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలనీ మనలో చాలామందికి ఆ రోజే తెలిసింది. పనివాడి విద్య చూసి వట్టి దణ్ణం పెట్టి రావడం న్యాయం కాదు. ఈ 2,000 ఇంకా పెరిగినా తప్పు లేదని మా అభిప్రాయం.

డబ్బు కట్టి రాలేకపోయిన ఇద్దరికి తిండి భాగం 250 చొప్పున 500 తిరిగి ఇచ్చాం. సీటు కిరాయి మాత్రం ఇవ్వలేం, వాళ్లు రాకపోయినా బస్సు ఖర్చు తగ్గలేదు కదా.

దీంతో యాత్ర ఖర్చు మొత్తం 42,670. మిగులు 8,530.

దగ్గర్లోని ధవళేశ్వరం కూడా చూద్దామనుకుని ఎందుకు వెళ్లలేదంటే, మధ్యాహ్నం మూడైనా కడియపులంకలో కాగితం పూల మొక్కల మధ్య నుంచి ఎవరూ కదల్లేదు. ఈ డెల్టాను పచ్చగా మార్చిన ఆనకట్ట 1852లో పూర్తయిన చోటు అది, చూడాలని మాకూ ఉంది. దానికోసం ముందుగా కట్టిన డబ్బేమీ లేదు కాబట్టి నష్టమూ లేదు.

ఇక మొక్కల లెక్క. 23 మంది ఇచ్చినది 18,400. విడివిడిగా కొంటే చిల్లర ధర, అందరి జాబితా కలిపి ఒకే ఆర్డర్‌గా ఇస్తే హోల్‌సేల్ ధర. అందుకే కలిపి కొన్నాం. మొక్కలకు 16,250, ప్యాకింగ్, లోడింగ్ కూలి 700. రెండు మామిడి అంట్లు దారిలో కట్టు దగ్గర కదిలాయి. ఆ 240 రూపాయల నష్టం వాటిని కోరుకున్నవాళ్ల మీదే పడకుండా ఉమ్మడి లెక్కలోంచి వాపసు ఇచ్చాం. మిగిలిన 1,210 ఎవరి వంతు వాళ్లకు పంచేశాం.

యాత్ర మిగులును సంఘం నిధిలో వేసుకుందామని కొందరన్నారు. ఆ నిధి అవసరమే, కానీ ఒక పనికని అడిగి తీసుకున్న డబ్బును ఇంకో పనికి మళ్లిస్తే రేపు మళ్లీ చేయి చాచే హక్కు కమిటీకి ఉండదు. అందుకే వచ్చిన 36 మంది పెద్దలకు 200, పిల్లలకు 100 చొప్పున 7,800 తిరిగి ఇస్తున్నాం. మిగతా 730 విరాళంలో భాగమే కాబట్టి, దాత ఒప్పుకోలుతో విత్తనాల డబ్బాలు కొనడానికి ఉంచాం.

బస్సు, భోజనం, నర్సరీ బిల్లులు ఫైల్లో ఉన్నాయి. మజ్జిగకు, లోడింగ్‌కు బిల్లు రాదు, వాటికి ఇద్దరేసి సభ్యుల సంతకాలతో ఓచర్లు రాశాం. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు అన్నీ సరిచూశారు. వచ్చే నెల సమావేశానికి ఫైలు తెస్తాం, అంతకుముందే చూడాలనుకునేవాళ్లు కోశాధికారిని అడగండి. వాపసు డబ్బు అదే రోజు సంతకం పెట్టి తీసుకోవచ్చు.